జిగురు వెనక పోతున్న చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

అడవుల నరికివేత, కలప రవాణా దృశ్యాలున్న పాత అమెరికా పోస్టుకార్డులు సేకరించేవారిలో చాలామంది బొమ్మ చూసి మురిసిపోయి, వెనకవైపు జిగురు రాసి ఆల్బమ్‌లో అంటించేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కార్డు వయసు చెప్పేది వెనకవైపే! అడ్రసుకూ ఉత్తరానికీ మధ్య నిలువు గీత ఉంటే సాధారణంగా అది 1907 మార్చి తర్వాతది. అచ్చువేసినది కాక, నేరుగా ఫోటో కాగితం మీదే తీసిన కార్డయితే స్టాంపు అంటించే చోట ఉండే గడి చూడాలి. అందులో ఫోటో కాగితం పేరైన ఏ, జెడ్, ఓ (AZO) అక్షరాలుండి, మూలల్లోని నాలుగు త్రిభుజాలూ పైకి చూస్తుంటే ఆ కాగితం సుమారు 1904-1918 నాటిది. రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918-1930 నాటిది. పోస్టాఫీసు ముద్ర చెప్పేది కార్డు పంపిన రోజు మాత్రమే, ఫోటో తీసిన రోజు కాదు.

పదింతలు చూపే భూతద్దం కింద చుక్కలు కనబడితే అది అచ్చుబొమ్మ. ఫోటోలో నీడలు నునుపుగా కలిసిపోతాయి. నల్లటి భాగాలను ఏటవాలుగా చూస్తే మెరిసే వెండి పొర మురికి కాదు, గుడ్డతో రుద్దితే బొమ్మే పాడవుతుంది. భూతద్దం చేతిలో ఉండగానే చెట్టు మొదలు కూడా చూడండి. నేలకు బాగా ఎత్తున గాట్లు కనిపిస్తాయి. వాటిలో పలకలు దోపి, వాటిమీద నిలబడి ఇద్దరు రంపం లాగేవారు. మొదలు దగ్గర కాండం ఉబ్బుగా, బంకగా ఉండటమే కారణం.

పీవీసీ కవర్లు వద్దు, కాలం గడిచేకొద్దీ జిడ్డు వదిలి ఫోటోకు అతుక్కుంటాయి. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లు మేలు. ఇప్పటికే అంటించేసి ఉంటే తడిపి, ఆవిరి పట్టి ఊడదీయకండి, ఫోటో పొర ఉబ్బి లేచిపోతుంది. కార్డు చుట్టూ ఆల్బమ్ పేజీని కత్తిరించి, అలాగే కవరులో పెట్టండి.

– ఒక పాఠకుడు