వరద గీతను గోడ మీద ఉండనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో వాతావరణ మార్పు మీద పని చేస్తున్న కళాకారుల గురించి పెద్ద వ్యాసం వచ్చింది. రెండుసార్లు చదివాను. ఒలాఫర్ ఎలియాసన్ అనే ఆయన గ్రీన్‌లాండ్ దగ్గర సముద్రంలో తేలుతున్న మంచు గడ్డలను తెప్పించి 2015లో పారిస్‌లో, 2018లో లండన్‌లో నడివీధిలో పెట్టించాడని, జనం వాటిని తాకి చూస్తుండగానే అవి కరిగి నీరైపోయాయని రాశారు. ఆ పని నాకు నచ్చింది. మన దగ్గర మాత్రం ఇలాంటి పని ఇంకా మొదలే కాలేదన్నట్టు చివర్లో రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. మొదలుపెట్టడానికి కావలసింది మన గోడల మీదే ఉంది, దాన్ని మనమే చెరిపేసుకుంటున్నాం. అందుకే ఈ ఉత్తరం.

నేను హనుమకొండలో గోడ పెయింటర్‌ని. ముప్పై ఏళ్లుగా ఇదే బతుకుదెరువు. షాపు బోర్డులు రాశాను, ఎన్నికలప్పుడు గోడ రాతలు రాశాను, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి ఇప్పుడు స్కూలు గోడలు, కాంపౌండ్ గోడలు చేస్తున్నాను.

మా గల్లీ పల్లంలో ఉంటుంది. 2020 ఆగస్టులోనూ నీళ్లు వచ్చాయి కానీ అవి గడప దాకే. 2023 జూలై 27న తెల్లవారుజామున మాత్రం మంచం కింద చెప్పులు తేలుతున్నాయని మా అమ్మ లేపింది. పిల్లల సర్టిఫికెట్లు, పాసుబుక్కులు ఒక సంచిలో వేసుకుని ఎదురింటి మేడ ఎక్కాం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఆ 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని తర్వాత పేపర్లోనే చదివాను, మన రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. మొరంచపల్లి మునిగితే జనం ఇండ్ల పైకప్పులు ఎక్కారు, వాళ్లను తీసుకురావడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. కొండాయిలో జంపన్న వాగు మనుషులనే తీసుకుపోయింది. ఆ ఊళ్ల కష్టం ముందు మాది చిన్నదే.

నీళ్లు దిగాక ఇల్లు కడుక్కున్నాం. గోడ మీద గీత మిగిలింది. దూరం నుంచి చూస్తే ఒకటే గీత, దగ్గరికి పోతే మూడు నాలుగున్నాయి. అన్నిటికంటే పైన టీ మరక లాంటి సన్నని అంచు, దాని కింద నాలుగు వేళ్ల వెడల్పున బూడిద రంగు, ఇంకా కింద బురద ఎండి పెచ్చులుగా లేస్తోంది, ఆ పెచ్చుల్లో కందిపప్పు గింజలు, థర్మాకోల్ పూసలు అతుక్కుని ఉన్నాయి. నీళ్లు ఎక్కడ ఎంతసేపు నిలబడ్డాయో ఆ గీతలను చూస్తే తెలిసిపోతుంది. మేకుకు వేలాడుతున్న క్యాలెండర్‌లో జూలై నెల పై సగం తెల్లగానే ఉంది, కింది సగం గోధుమ రంగుకు తిరిగింది. ముప్పై ఏళ్లుగా రంగులు కలుపుతున్నాను కానీ ఆ గోధుమ రంగు నాకు కలపడానికి రాదు.

తర్వాతి ఏడాది ఒక కాంట్రాక్టరు స్కూలు గోడ పని ఇచ్చాడు. పర్యావరణం మీద బొమ్మలు కావాలన్నాడు, డిజైన్లు ఫోన్లో పంపించాడు. నోట్లో థర్మామీటర్ పెట్టుకుని ఏడుస్తున్న భూగోళం, మంచు ముక్క మీద తెల్ల ఎలుగుబంటి, పక్కన చెట్లు నాటమని నాలుగు మాటలు. ఆ గోడ మీద నాలుగడుగుల ఎత్తున వరద మరక అప్పటికీ ఉంది. దాన్ని వైరు బ్రష్‌తో గీకి, ప్రైమర్ కొట్టి, సరిగ్గా అక్కడే ఎలుగుబంటిని వేశాను. డబ్బులు తీసుకుని ఇంటికి వచ్చాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ బడికి వచ్చే పిల్లల్లో చాలామంది మా వాడకట్టు పిల్లలే, ఆ రోజు మాతోపాటు మేడల మీద కూర్చున్నవాళ్లే.

అప్పటి నుంచి ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. అమెరికాలో ఈవ్ మోషర్ అనే ఆమె 2007లో న్యూయార్క్‌లో చేసిన పని ఒకటి దొరికింది. మీ వ్యాసంలో అది లేదు. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తు ఎక్కడెక్కడ వస్తుందో మ్యాపులో చూసుకుని, ఆటస్థలాల్లో సుద్ద గీతలు గీసే బండి పట్టుకుని, వీధుల వెంట నీలి గీత గీసుకుంటూ పోయింది. దాదాపు 70 మైళ్లు, అంటే మన లెక్కన నూటపది కిలోమీటర్ల పైమాట. ఏం గీస్తున్నావమ్మా అని జనం ఆగి అడిగేవాళ్లు, ఆమె వాళ్లతో నిలబడి మాట్లాడేది, ఆ మాటలు కూడా పనిలో భాగమే అనుకుంది. ఐదేళ్ల తర్వాత, 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు సముద్రం ఆ పల్లపు వీధుల్లోకే వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. గీత గీయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఎక్కడ గీయాలో తెలిస్తే చాలు. మాకు అది తెలుసు. ఆమె రాబోయే నీళ్లను ఊహించి గీసింది, మా దగ్గరికి నీళ్లు వచ్చి వాటి గీత అవే గీసి పోయాయి.

భద్రాచలం వాళ్లను చూడండి. గోదావరి నీటిమట్టం 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది, చిన్న పిల్లాడిని అడిగినా చెబుతాడు. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు అని అక్కడి పెద్దవాళ్లు ఇంట్లో పెళ్లిళ్లు జరిగిన సంవత్సరాలు చెప్పినట్టు చెబుతారు. హనుమకొండలో, వరంగల్‌లో మన గల్లీకి ఎన్ని అడుగులు వచ్చాయో కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

నేను కోరేది ఇదీ. పల్లపు కాలనీల్లో, నాలాల పక్కన, స్కూలు గోడల మీద, బస్సు షెల్టర్ల మీద 2023 నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అంత ఎత్తున నీలి గీత గీయనివ్వండి. పక్కన తేదీ, అడుగులు, అంగుళాలు. ఖర్చు పెద్దగా లేదు, ఒక గల్లీకి ఒక లీటరు ఎనామిల్ చాలు. ఎత్తు కొలవడానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు ఉంది కదా, ఆ పారదర్శక పైపులో నీళ్లు నింపి ఒక కొస మరక దగ్గర పట్టుకుని, రెండో కొస పక్కింటి గోడకు ఆనిస్తే నీళ్లే ఎత్తు చూపిస్తాయి. వీధి ఏటవాలుగా ఉన్నచోట వరద కూడా ఏటవాలుగానే పోతుంది కాబట్టి అక్కడ పైపు పనికిరాదు, ఇంటింటికీ పోయి అడగాలి. ఎవరింట్లో కిటికీ దాకా, ఎవరింట్లో స్విచ్చు బోర్డు దాకా అన్నది ఆడవాళ్లకు బాగా గుర్తుంటుంది, నీళ్లు పోయాక కడిగింది వాళ్లే కదా.

ఇండ్ల ఓనర్లు ఒప్పుకోరని తెలుసు. ఒక పెద్దమనిషిని అడిగితే, గీత కనబడితే కిరాయికి ఎవరు వస్తారు, ప్లాటు రేటు ఏం కావాలి అన్నాడు. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది, జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇల్లు అది. అయినా ఆ మరక మీద డిస్టెంపర్ కొట్టి అద్దెకిచ్చిన ఇంట్లో రేపు పసిపిల్ల ఉన్న జంట దిగితే ఏం కావాలి? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు, అందుకే కురిసినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తోంది. దానికితోడు చెరువు శిఖాల్లో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూముల్లో, నాలాల మీద మనం కట్టుకుంటూ పోయాం. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించినప్పుడు పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోయే దారి విడిచిపెట్టారు, ఆ దారిలో ఇప్పుడు మా ఇండ్లున్నాయి. మా ఇల్లు కూడా.

ఎండ గురించి కూడా బొమ్మ వేయాలి. ఏప్రిల్ నెలలో పొద్దున తొమ్మిది దాటితే ఎమల్షన్ గోడకు పట్టకముందే కుంచెలో ఆరిపోతోంది, ఎన్నిసార్లు నీళ్లు కలిపినా కుంచె లాగేస్తోంది. నేను పని నేర్చుకున్నప్పుడు ఒంటిగంట దాకా చేసేవాళ్లం. దాన్ని గోడ మీద ఎలా చూపించాలో మాత్రం నాకు ఇంకా తట్టలేదు.

ఇంకొక మాట. చేర్యాల మొన్నమొన్నటి దాకా మన వరంగల్ జిల్లాలోదే. అక్కడి నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద వరుసలు వరుసలుగా బొమ్మలు వేస్తారు. ఒక్కో కులానికి దాని కథ పటంగా గీసిస్తే, కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రంతా చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ కళాకారులకు ఎక్కువగా వచ్చేవి మాస్కులు, గిఫ్టు బొమ్మల ఆర్డర్లు. 2023 వరదను ఒక పటంగా వేయించి, మొరంచపల్లిలో, కొండాయిలో వాళ్ల మధ్యే విప్పి చెప్పిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మేడ మీద గొడ్డు, నీళ్లలో గడ్డివాము, పైన హెలికాప్టరు, ఆ ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఇవన్నీ నా కళ్లకు కనబడుతున్నాయి. ఆ పని నాకు రాదు, వచ్చినవాళ్లకు ఎవరైనా అప్పజెప్పాలి.

మా ఇంట్లో తలుపు వెనక జానెడు వెడల్పున మరకను అలాగే వదిలేశాను. బయటి గోడ మీద, వీధిలోకి కనబడేలా, నీలి గీత గీసి 4 అడుగుల 10 అంగుళాలు అని రాశాను. రెండు రోజులకు పక్కింటి వదిన వచ్చి, మా గోడకు కూడా గీయి తమ్మీ, మాకు కిటికీ ఊచల దాకా వచ్చాయి అంది. వచ్చే ఆదివారం లెవల్ పైపు పట్టుకుని మేమిద్దరం, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు కలిసి గల్లీ చివరి దాకా పోతున్నాం. ఎవరి గోడ మీదైనా పాత మరక ఉంటే దయచేసి ఒక ఫొటో తీసి, నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి పెట్టుకోమని మీ పేపర్లో రాయండి. దసరా సున్నాలు మొదలైతే ఉన్నవి కూడా పోతాయి, ఆలోపే ఈ ఉత్తరం వేయగలిగితే మేలు.

ఇట్లు,
ఒక గోడ పెయింటర్,
హనుమకొండ