పగటి నిద్రకు పరదా: గుడ్డ కన్నా అంచు ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరగానే పత్రికలన్నీ ‘కిటికీలకు ముదురు రంగు పరదాలు వేసుకోండి’ అని ఒక ముక్క రాస్తాయి. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలో, అందులోనూ బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ వైపు ఆ ముక్క చాలదు. కాగితం మిల్లు, బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీల్లో రాత్రపాళీ దిగి పొద్దున్నే ఇంటికొచ్చే తెలుగువాళ్లు ఇక్కడ ప్రతి వాడలోనూ ఉన్నారు. వాళ్లకు రాత్రి మొదలయ్యేదే పొద్దున ఎనిమిది గంటలకు. మే నెలలో ఇక్కడ ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది, మధ్యాహ్నానికి 45 డిగ్రీలు దాటడం మామూలే. వెలుగు కంట్లో పడితే, నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒంట్లో తగ్గిపోతుంది. క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో 2007లో చేర్చి, 2019లో మళ్లీ అదే మాట ఖాయం చేసింది. కాబట్టి పరదాను ఇంటి అలంకారంగా చూస్తే కుదరదు. దాన్ని ఇంట్లోనే ఎలా కుట్టుకోవాలో, ఎక్కడ తప్పుతుందో రాస్తున్నాం.

ముందు ఆ ముదురు రంగు సంగతి. నల్లటి కాటన్ గుడ్డయినా, నేత పలచగా ఉంటే జల్లెడే. వెలుగును ఆపేది రంగు కాదు, పూత. వెలుగును ఆపడానికే చేసే బ్లాకౌట్ గుడ్డకు వెనకవైపు మూడు పూతలు వేస్తారు: తెలుపు, దానిమీద నలుపు, మళ్లీ తెలుపు. నడుమ దాగిన నలుపే వెలుగును మింగుతుంది. వెనక నలుపే కనిపించే రకమూ ఉంటుంది. అదీ వెలుగును ఆపుతుంది కానీ ఎండకు కాలి, ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అందుకని మన ఎండలకు తెల్ల వీపు ఉన్నదే తీసుకోవాలి, ఆ తెల్ల వైపు కిటికీకే ఉండాలి. నునుపు వైపు గదిలోకి బాగుంటుందని తిప్పి వేలాడదీసినవాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. కొట్లో ‘నూటికి నూరు శాతం’ అన్న చీటీని పక్కనపెట్టి, గుడ్డ వెనక ఫోను టార్చి ఆనించి చూడండి. సూదిమొనల్లా చుక్కలు కనిపిస్తే పూత పలచన. మడతపెట్టి అమ్మే తానులో మడత గీత మీదే పూత పగులుతుంది, అక్కడ తప్పకుండా చూడండి. గొట్టానికి చుట్టిన తాను దొరికితే అదే తీసుకోండి.

ఇంట్లో మంచి పరదాలు ఉంటే కొత్తవి అక్కర్లేదు. వెనకాల బ్లాకౌట్ అస్తరు వేసుకుంటే చాలు. కానీ కాటన్ పరదా ఉతికితే కుంచించుకుపోతుంది, పూత ఉన్న అస్తరు అంతగా పోదు. రెంటినీ నాలుగు వైపులా కలిపి కుట్టేస్తే మొదటి ఉతుకుకే ముడతలు పడి సంచిలా ఉబ్బుతుంది. పైన మాత్రమే కలపాలి. అస్తరు ఒక అంగుళం పొట్టిగా ఉండాలి.

ఇక కొలత. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ అనుకుందాం, అంటే 48కి 48 అంగుళాలు. రాడ్డు కిటికీ పై అంచుకు 8 అంగుళాలు ఎత్తున, రెండు పక్కలా 8 అంగుళాలు ఎక్కువగా ఉండాలి. మొత్తం 64 అంగుళాల రాడ్డు. కింద గుడ్డ కిటికీ దాటి ఇంకో 12 అంగుళాలు దిగాలి. అంటే రాడ్డు నుంచి కిందికి 8, 48, 12 కలిపి 68. పై మడతకు 5, కింది మడతకు 5 కలిపితే ఒక రెక్క పొడవు 78 అంగుళాలు. 54 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డయితే రెండు రెక్కలకు 156 అంగుళాలు, సుమారు 4 మీటర్లు. కోతలో వంకర పోతుంది కాబట్టి నాలుగుంపావు మీటర్లు కొనండి. పక్క మడతలకు అంగుళంన్నర చొప్పున పోయాక ఒక్కో రెక్క 51 అంగుళాలు మిగులుతుంది, రెండూ కలిసి 102. రాడ్డు 64, గోడవైపు తిరగడానికి పక్కకు మూడేసి, నడుమ ఒకదానిపై ఒకటి ఎక్కడానికి 4, మొత్తం 74 కావాలి. మిగిలిన 28 అంగుళాలు కుచ్చులకు. మామూలు పరదాకు వెడల్పుకు రెట్టింపు గుడ్డ పెడతారు. పూత గుడ్డ బిరుసు కాబట్టి దీనికి ఆ కాస్త చాలు, ఎక్కువ కుచ్చు పెడితే డబ్బే దండగ.

కుట్టేటప్పుడు ఒక్క మాట మరిచిపోవద్దు: ఈ గుడ్డకు పడిన సూది బెజ్జం మూసుకోదు. గుండుసూదులు గుచ్చకండి, ఆరేసే బట్టల క్లిప్పులు పెట్టండి. కచ్చా కుట్టు వద్దు. విప్పి మళ్లీ కుడితే ఆ వరుస పొద్దున నక్షత్రాల్లా మెరుస్తుంది. 14 నెంబరు కొత్త సూది, పాలిస్టర్ దారం, అంగుళానికి ఎనిమిది కుట్లకు మించకుండా పొడవు కుట్టు. కుట్టు దగ్గరైతే గుడ్డ ఆ గీత వెంట తపాలా బిళ్లలా చిరుగుతుంది. పూత వైపు మెషిన్ పాదానికి అంటుకుని గుడ్డ కదలకపోతే, పాదం కింద పలచటి కాగితం పట్టీ పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేయండి. కొద్దిగా టాల్కం పౌడరు రాసినా జారుతుంది. ఇస్త్రీ పూత మీద తగిలిందా, కరిగి పెట్టెకు అంటుకుంటుంది. గుడ్డ వైపు నుంచి, పైన పలచటి బట్ట పరిచి, తక్కువ వేడిమీదే చేయాలి.

పైభాగం ఎలా కుట్టాలన్నదగ్గరే చాలామంది మోసపోతున్నారు. ఇప్పుడంతా ఐలెట్ రింగుల పరదాలే. బైఠక్‌లో, అంటే ముందు గదిలో, బాగుంటాయి. పడక గదికి మాత్రం పనికిరావు. అంగుళం రాడ్డుకు అంగుళంన్నర రింగు, ప్రతి రింగు చుట్టూ సందు. గుడ్డ రాడ్డుకు ముందూ వెనకా అలలా పోతుంది కాబట్టి పైన గోడకూ పరదాకూ మధ్య బారుగా ఖాళీ. ఆ ఖాళీలోంచి వెలుగు సీలింగుకు కొట్టి గది అంతా పరుచుకుంటుంది. రాడ్డు దూర్చే గొట్టం మడతే మేలు. పైన ఒక అంగుళం చిరుకుచ్చు వదిలి, దాని కింద 2 అంగుళాల గొట్టం కుట్టండి. అంగుళం రాడ్డు అందులో బిగువుగా దూరుతుంది. పక్కకు లాగడం కష్టమే కానీ, పగలు పడుకునే గదిలో పరదా ఎన్నిసార్లు తీస్తారు? నడుమ ఎక్కాల్సిన 4 అంగుళాల కోసం ఒక రెక్క గొట్టాన్ని చివర అంతమేర కుట్టకుండా వదిలి, ఆ అంచును రెండో రెక్క మీదికి తెచ్చి వెల్క్రోతో అతికించాలి.

పైన వెలుగు పూర్తిగా ఆగాలంటే రాడ్డును పైనుంచి, ముందునుంచి కప్పే పెల్మెట్ పెట్టె కావాలి. ముందు పలక 6 అంగుళాలు, లోతు 5 నుంచి 6 అంగుళాలు, ముప్పావు అంగుళం ప్లైవుడ్. వడ్రంగులు తరచూ ముందు పలక పెట్టి పై పలక మానేస్తారు. పై పలక లేని పెల్మెట్ అందానికే తప్ప వెలుగుకు అడ్డం కాదు. గోడకూ పై పలకకూ మధ్య సందును పుట్టీతో మూయాలి.

పక్కల సంగతి ఇంతకన్నా ముఖ్యం. రాడ్డు గోడకు మూడంగుళాల దూరంలో ఉంటుంది, అంటే రెండు పక్కలా మూడంగుళాల వెలుగు స్తంభం. రాడ్డు చివరల కింద గోడకు నిలువుగా అంగుళంన్నర చెక్క రీపు బిగించి, పరదా అంచును గోడవైపు తిప్పి దానికి వెల్క్రోతో అంటించండి. వెల్క్రోలో మెత్తటి పట్టీని గుడ్డకు, గరుకు పట్టీని చెక్కకు పెట్టాలి. గరుకుది గుడ్డకుంటే ఉతికేటప్పుడు పక్క బట్టల్ని పీకుతుంది. జిగురుతో అంటుకునే వెల్క్రో మే నెల వేడికి జారిపోతుంది. సున్నం, డిస్టెంపర్ వేసిన గోడకైతే అసలు పట్టదు, పొడితో సహా ఊడొస్తుంది. చిన్న మేకులో స్టేపుల్ పిన్నులో కొట్టాల్సిందే. 1971 పాకిస్తాన్ యుద్ధం రోజుల్లో, విమాన దాడుల భయంతో కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించుకున్న తరం ఇళ్లలో ఇంకా ఉంది. అప్పుడు వెలుగు బయటికి పోకూడదు, ఇప్పుడు లోపలికి రాకూడదు. అప్పుడైనా ఇప్పుడైనా దొరికిపోయేది అంచుల దగ్గరే.

బ్రాకెట్లకు 6 ఎంఎం బిట్టు, 6 ఎంఎం ప్లాస్టిక్ గిట్టీ (స్క్రూ పట్టడానికి బెజ్జంలో దూర్చే ప్లగ్గు), అంగుళంన్నర స్క్రూ. బెజ్జం కనీసం 40 ఎంఎం లోతుండాలి. పైపూత సిమెంటు అర నుంచి ముప్పావు అంగుళమే ఉంటుంది, గిట్టీ ఇటుకలోకి దిగకపోతే నెల తిరక్కుండానే పరదా పెచ్చుతో సహా ఊడిపడుతుంది. కిటికీ మీది లింటెల్, అంటే అడ్డ దూలం, కాంక్రీటుది. మామూలు డ్రిల్లు అక్కడ అరిగిపోతుందే తప్ప దిగదు, హామర్ డ్రిల్లు కావాలి. మన ఇళ్లలో లింటెల్ ఎక్కువగా ఆరంగుళాల మందం ఉంటుంది, కిటికీ దాటి పక్కలకూ ఆరంగుళాలు పోతుంది. పైన చెప్పిన 8 అంగుళాల లెక్కకు ఇదీ ఒక కారణం, బ్రాకెట్ ఇటుకలో పడుతుంది. రాడ్డు ఐదడుగులు దాటితే నడుమ మూడో బ్రాకెట్ పెట్టండి, లేకపోతే వంగి, నడుమ సందు పడుతుంది.

కంపెనీ క్వార్టర్లలో గోడకు బెజ్జం పెట్టనివ్వరు. అక్కడ కుచ్చుల పరదా మాటే వద్దు. కిటికీ చౌకట్టు చెక్కదైతే, ఒకటిన్నర మీటరు గుడ్డ, అదే 54 పన్నా, చుట్టూ అంగుళం మడత కుట్టి, 52 అంగుళాల చదును తెరను చౌకట్టుకు వెల్క్రోతో అంటించుకోవచ్చు. చుట్టూ రెండేసి అంగుళాలు ఎక్కుతుంది. గుడ్డ తక్కువ, వెలుగు అసలు రాదు. చూడ్డానికి గోనెపట్టా కట్టినట్టుంటుంది, అంతే. కొనే స్తోమత లేని నెలలో మిర్చి చేలల్లో వేసే మల్చింగ్ పేపర్ కూడా పనికొస్తుంది. వెండి వైపు బయటికి, నలుపు వైపు లోపలికి ఉండేలా చెక్క చట్రానికి బిగుతుగా లాగి కొట్టాలి. వదులుగా ఉంటే గాలికి గలగలమంటుంది, ఆ చప్పుడుకు మెలకువ వస్తుంది.

మా ప్రాంతంలో అసలు చిక్కు కూలర్. విదర్భలో కూలర్ కిటికీలోనే కూర్చుంటుంది. కూలర్‌కూ చౌకట్టుకూ మధ్య సందుల్లో అట్టముక్కలు కుక్కితే తేమకు ఉబ్బి వారంలో రాలిపోతాయి. థర్మోకోల్ కోసి దూర్చి, దానిమీద మిగిలిన పూత గుడ్డ అంటించండి. కూలర్ జాలీలోంచి వచ్చే వెలుగును పూర్తిగా ఆపలేం. గాలి మంచం మీదికి వచ్చేలా, తల మాత్రం కూలర్ వైపు కాకుండా మంచం తిప్పుకోవాలి. ఇంకో పెద్ద తప్పు: వెలుగు రావొద్దని మిగతా కిటికీలన్నీ బిగించేయడం. లోపలికొచ్చిన తడిగాలి బయటికి పోకపోతే కూలర్ చల్లబరచదు, గంటలో గది ఉడికినట్టవుతుంది, పరదా అడుగున బూజు పట్టి పూత పొరలుగా ఊడుతుంది. ఎదుటి గోడకు, కూలర్ నోటికి తగ్గని దారి ఉండాలి. ఆ దారిలో రెండు పలకలను నాలుగంగుళాల ఎడంతో ఒకదాని వెనక ఒకటి, అంచులు ఆరంగుళాలు దాటేలా, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి బిగించి, లోపలి ముఖాలకు మెరుపు లేని నల్ల రంగు వేయండి. గాలి మెలిక తిరిగి పోతుంది, వెలుగు తిరగలేదు. సీలింగు కిందుండే వెంటిలేటర్‌కూ ఇదే పద్ధతి.

లోపలి పరదా వెలుగును ఆపినంతగా వేడిని ఆపదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే పరదాను తాకుతుంది. వేడి తగ్గాలంటే బయట సజ్జ కింద వెదురు తడికో, 75 శాతం షేడ్ నెట్టో కట్టాలి. రాత్రపాళీ వాళ్లకు ముందుగా తూర్పు కిటికీ, ఎందుకంటే పడుకోగానే ఎండ కొట్టేది అటునుంచే. పడమర కిటికీ ఒంటిగంట తర్వాతే ఇబ్బంది.

అంతా బిగించాక పొద్దున ఎనిమిదికి లైట్లు ఆర్పి, తలుపు వేసి, పది నిమిషాలు గదిలో కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాకే సందులు కనిపిస్తాయి. కనిపించిన చోటల్లా చాక్‌పీస్‌తో గీత పెట్టి, తర్వాత ఒక్కొక్కటీ మూసుకోండి. తలుపు కింది సందుకు పాత చీర చుట్ట చాలు.

ఉతకడం ఏడాదికి ఒకటి రెండుసార్లే, చల్లని నీళ్లలో, పిండకుండా, బండకు బాదకుండా. తడి మీద మడత పెడితే పూతకు పూత అంటుకుని, విప్పేటప్పుడు తోలులా ఊడొస్తుంది. వానాకాలంలో తీసి దాచేవాళ్లు మడవకుండా పీవీసీ పైపుకు చుట్టి పెట్టండి. దోమల చుట్ట ఈ గుడ్డకు దూరంగా ఉంచండి, పాలిస్టర్ కదా, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇట్లు,
పరదాలు కుట్టి బిగించే పనివాళ్లం,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర