ఆట ఆపాకే పాఠం మొదలు

సంపాదకునికి,

కళాశాలల్లో ఆటలంటే పాయింట్లు పంచే క్విజ్‌లే అనుకోవడం బాధాకరం. 1960ల్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న బీర్ గేమ్‌నే చూడండి. ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా బీరు సరఫరాను అనుకరించే తరగతి ఆట ఇది; నిల్వకూ కొరతకూ ఖర్చు పడుతుంది, తక్కువ ఖర్చు చేసిన జట్టే గెలుస్తుంది. చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, పంపిణీదారు, ఫ్యాక్టరీ వరుసగా కూర్చుంటారు. ఒక్కొక్కరి దగ్గర మొదట 12 పెట్టెల సరుకు ఉంటుంది. మాటల్లేవు, ఆర్డరు చీటీలే. వినియోగదారుల గిరాకీ వారానికి 4 పెట్టెలు. 5వ వారంలో 8కి పెరిగి అక్కడే ఆగుతుంది. మార్పు అంతే! అయినా ఫ్యాక్టరీకి చేరేసరికి ఆర్డర్లు ఎన్నో రెట్లు ఉబ్బుతాయి. ఎందుకంటే సరుకు రావడానికి వారాలు పడుతుంది. ఆర్డరు పెట్టి ఇంకా అందని పెట్టెలను ఆటగాళ్లు లెక్కలోంచి వదిలేస్తారు.

50 వారాలని చెప్పి 36 దగ్గర ఆపాలి. ముగింపు ముందే తెలిస్తే చివర్లో ఆర్డర్లు మానేసి ఖర్చు తగ్గించుకుంటారు.

చాలాచోట్ల చెడేది ఆ తర్వాతే. గంట కొట్టగానే చర్చ లేకుండా పంపేస్తారు. గంటన్నర ఆటకు కనీసం ముప్పావుగంట చర్చ కావాలి. వినియోగదారుల గిరాకీ ఎలా మారి ఉంటుందో ముందు, దాన్ని చూసిన చిల్లర వ్యాపారి తప్ప, మిగతావారు ఎవరికి వారు గ్రాఫు గీయాలి, తర్వాతే అసలు అంకెలు చూపాలి. దాదాపు అందరూ పెద్ద ఎగుడుదిగుళ్లే గీస్తారు. మార్కులు గెలుపుకి వద్దు, విశ్లేషణకే ఇవ్వండి. లేకుంటే చీటీల చాటున సైగలు మొదలవుతాయి.

— మేనేజ్‌మెంట్ అధ్యాపకులు