తీపి అబద్ధాన్ని కూడా ఖండించండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం.

పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తుండగా, 2025 మే 8 రాత్రి మన టీవీల్లో కరాచీ రేవు తగలబడిపోయింది. మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ విరుచుకుపడిందన్నారు. కాసేపటికి మన సైన్యం ఇస్లామాబాద్‌లో అడుగుపెట్టింది. ఇంకాసేపటికి పాక్ సైన్యాధిపతి ఆసిం మునీర్‌ను వాళ్లవాళ్లే పట్టుకుని లోపలేశారు. తెల్లారి చూస్తే రేవు రేవులాగే ఉంది, ఇస్లామాబాద్ ఇస్లామాబాద్‌లాగే ఉంది. మునీర్ పదవి పోలేదు సరికదా, మే 20న ఫీల్డ్ మార్షల్ కూడా అయ్యాడు.

కరాచీ మంటలంటూ తిప్పిన వీడియోల్లో ఒకటి అమెరికాలోని ఫిలడెల్ఫియాది. అంతకు మూడు నెలల ముందు, జనవరి 31న, అక్కడ ఒక చిన్న విమానం ఇళ్ల మధ్య కూలినప్పటి దృశ్యం. ఈ కథ తెలుగు స్క్రోలింగులోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకరిద్దరు యాంకర్లు తర్వాత పొరపాటైందని ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ఏమీ ఎరగనట్టు మర్నాడు కొత్త గ్రాఫిక్స్‌తో కూర్చున్నారు.

ఛానళ్ల సంగతి ఛానళ్లకే రాయొచ్చు కదా, మంత్రికెందుకంటారేమో. కారణం ఉంది. అదే రాత్రి మీ శాఖ కింద ఉన్న పత్రికా సమాచార సంస్థ, పీఐబీ, ఫ్యాక్ట్ చెక్ విభాగం నిద్రపోలేదు, చురుగ్గానే పనిచేసింది. రాజౌరీలో ఆర్మీ బ్రిగేడ్ మీద ఆత్మాహుతి దాడి జరిగిందన్న వార్తను అబద్ధమని వెంటనే తేల్చింది. జలంధర్‌లో డ్రోన్ దాడి అన్న వీడియో పొలంలో మంట అని చెప్పింది. గుజరాత్‌లోని హజీరా రేవు మీద దాడి అన్నది 2021 జూలై 7 నాటి ఆయిల్ ట్యాంకర్ పేలుడని తారీఖుతో సహా పట్టుకుంది. శభాష్ అనాల్సిన పనే. కానీ ఇవన్నీ మనకు చేదుగా ఉండే అబద్ధాలు. మన చెవులకు ఇంపుగా ఉన్న కరాచీ అబద్ధం మీద మాత్రం ‘ఫేక్’ అన్న ఆ ఎర్ర ముద్ర నాకైతే కనబడలేదు. రాత్రంతా ఊరేగింది.

నేను తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరైనవాణ్ణి. వార్త మీద నమ్మకం ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో కొంత తెలుసు. మనకు నచ్చని అబద్ధాలను మాత్రమే ఖండించే విభాగం ఖండనకు విలువ సగమే. అది నిజం చెప్పినా ‘వాళ్లు అలాగే అంటార్లే’ అనిపిస్తుంది. పీఐబీ ముద్రను ప్రజలు నమ్మాల్సిన రోజు ముందుంది. రేపు నిజంగా యుద్ధమొచ్చి, నిజంగానే ఏదో ఊళ్లో జనాన్ని ఖాళీ చేయించాల్సి వస్తే, ఆ ముద్రే మీకు ఆధారం.

కరాచీ కథను జనం అంత తేలిగ్గా ఎందుకు నమ్మారో మా విశాఖ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఒకప్పుడు కరాచీ నిజంగానే తగలబడింది. 1971 డిసెంబర్ 4 రాత్రి మన క్షిపణి పడవలు ఆ రేవు మీద దాడి చేశాయి. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లి చమురు ట్యాంకులు తగలబెట్టాయి. నౌకాదళ దినోత్సవం డిసెంబర్ 4న జరుపుకునేది అందుకే. ఏటా ఆ రోజుల్లో బీచ్‌రోడ్డు మీద విన్యాసాలు చూస్తూ పెరిగిన పిల్లలకు కరాచీ, విక్రాంత్ అన్న రెండు పేర్లు చాలు, మిగతా కథ వాళ్లే అల్లుకుంటారు. అప్పటి విక్రాంత్‌ను 1997లోనే విశ్రాంతికి పంపారు. ఇప్పటిది 2022లో చేరిన కొత్త నౌక. పేరొక్కటే. మంచి అబద్ధం ఎప్పుడూ ఒక పాత నిజాన్ని ఆనుకునే నిలబడుతుంది.

అసలు విషయం మూడు రోజుల తర్వాత మన నౌకాదళమే చెప్పింది, శ్రద్ధగా విన్నవాళ్లకు. మే 11న త్రివిధ దళాల అధికారులు విలేకరుల ముందుకొచ్చారు. వారిలో వైస్ అడ్మిరల్ ఎ.ఎన్. ప్రమోద్, కరాచీతో సహా సముద్రం మీదా నేల మీదా ఎంచుకున్న లక్ష్యాలను మనం కోరుకున్న సమయంలో కొట్టడానికి నౌకాదళం సిద్ధంగా మోహరించి ఉందని చెప్పారు. సిద్ధంగా ఉందన్నారు. కొట్టిందనలేదు. ఆ చిన్న తేడాను పట్టుకుని ‘మరి మొన్న రాత్రి మీరు చూపించిందేమిటి’ అని ఛానళ్లను అడగాల్సింది ఎవరు? మీ శాఖ కాదా?

యుద్ధంలో అన్నీ చెప్పాలని నేనడగడం లేదు. మీరు ఏప్రిల్ 26న ఇచ్చిన అడ్వైజరీ సరైనదే. కార్గిల్, కాందహార్, ముంబై 26/11 అనుభవాలను గుర్తుచేసి, సైనిక చర్యల ప్రత్యక్ష ప్రసారం వద్దన్నారు. అధికారి ఇచ్చే బ్రీఫింగుకే పరిమితం కమ్మన్నారు. ముంబైలో కమాండోల కదలికలను టీవీలు చూపించిన తీరును 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది. దాచాల్సింది దాచాలి.

దాచడమే కాదు, శత్రువును బోల్తా కొట్టించడం కూడా యుద్ధంలో భాగమే. 1971లో పాక్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్‌ను వెతుక్కుంటూ మా తీరానికొచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇక్కడే ఉన్నట్టు వైర్‌లెస్ సందేశాలతో నమ్మించారు. దానికి సరిపడా రేషను సరుకులు కూడా పురమాయించినట్టు అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ తర్వాత వెల్లడించారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లేనని మన మాట, లోపలి పేలుడో మందుపాతరో కారణమని పాక్ మాట. యాభై ఏళ్లు దాటినా రెండు దేశాలూ ఒక్క మాట మీదికి రాలేదు. కానీ గమనించండి, ఆ మోసానికి గురిచేసిన చెవులు పాకిస్తాన్‌వి. 2025 మే 8 రాత్రి మోసపోయిన చెవులు మనవి. ఆ రాత్రి గడిచేసరికి సరిహద్దులో పాక్ కాల్పులకు మన శ్రీ సత్యసాయి జిల్లా కుర్రాడొకడు, అగ్నివీర్‌గా చేరినవాడు, ప్రాణాలొదిలాడు. ఇక్కడ డ్రాయింగ్ రూముల్లో ఇస్లామాబాద్ గెలుచుకుంటున్న వేళ అక్కడ పరిస్థితి అది.

ఇక మన విమానాల సంగతి. మనవి ఎన్ని కూలాయని మే 7 నుంచే ప్రపంచమంతా అడిగింది. మే 11న ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి నష్టాలు పోరాటంలో భాగమనీ, పైలట్లందరూ క్షేమంగా ఇంటికి చేరారనీ చెప్పారు. నా దృష్టిలో ఆ రోజుల్లో వచ్చిన అధికారిక మాటల్లో అంతకంటే నమ్మదగ్గది లేదు. ఎందుకంటే అది చెప్పినవారికి సుఖంగా లేదు. మే 31న సింగపూర్‌లో త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ విమానాలు కోల్పోయినట్టు ఒప్పుకున్నారు. ఆరు కూల్చామన్న పాక్ లెక్క తప్పన్నారు, మన లెక్క చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. కానీ ఆ మాట మొదట విన్నది బ్లూంబర్గ్ టీవీ. ఇక్కడ ఆకాశవాణి విజయవాడ వార్తల్లో వినాల్సినవాళ్లు విదేశీ ఛానల్ అనువాదంలో విన్నారు.

ఈ మధ్యలో, మన రాఫెల్ యుద్ధవిమానం కూలిందని సీఎన్ఎన్‌ను ఉటంకిస్తూ రాసిన ‘ది వైర్’ వెబ్‌సైటు మే 9న దేశంలో తెరుచుకోలేదు. ఆ కథనం తీసేశాకే తెరిచారని ఆ సంస్థ చెప్పింది. 8,000కు పైగా ఖాతాలను నిలిపేయమన్నారని, చాలావాటి విషయంలో ఏ పోస్టు తప్పో చెప్పలేదని ‘ఎక్స్’ ప్రకటించింది. ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కూడా మీ చేతిలోనే ఉంది కాబట్టి అడుగుతున్నాను. విమానం కూలిందన్న వార్తకు తాళం, రేవు కూలిందన్న వార్తకు ప్రైమ్ టైమ్. దీన్ని చూసి ఛానళ్లు ఏం నేర్చుకుంటాయి?

అవతలివాళ్లూ అమాయకులేం కాదు. విమానాలు కూల్చామన్నదానికి ఆధారమేదని సీఎన్ఎన్ అడిగితే, అంతా సోషల్ మీడియాలో ఉందని వాళ్ల రక్షణ మంత్రి ఖవాజా ఆసిఫ్ చెప్పారు. ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాన్ని వాళ్ల ప్రభుత్వ ఖాతాలోనే యుద్ధ దృశ్యంగా పెట్టారు. ఉప ప్రధాని ఇషాక్ దార్ అయితే తమ వైమానిక దళాన్ని ఆకాశానికెత్తుతూ బ్రిటన్ పత్రిక రాసిందంటూ సెనేట్‌లో చదివారు. ఆ పేజీ నకిలీదని తేల్చింది వాళ్ల పత్రికే, ‘డాన్’. యుద్ధం వేడి చల్లారకముందే, సొంత ఉప ప్రధాని మాట అబద్ధమని సొంత పత్రిక రాసింది. ఆ ఒక్క వార్తతో ఆ పత్రిక మిగతా వార్తల మీద కూడా నాకు కాస్త గురి కుదిరింది. యుద్ధకాలపు వార్తను తూచడానికి నాకు తెలిసిన తూకపురాయి ఇదొక్కటే: చెప్పేవాడు తన పక్షానికి రుచించనిది ఎప్పుడైనా చెప్పాడా? పేరూ ఊరూ లేని ‘విశ్వసనీయ వర్గాలు’, ఎక్కడి నుంచి రాశారో చెప్పే డేట్‌లైన్ లేని యుద్ధవార్త, శత్రువు నష్టమే తప్ప మన నష్టం వినిపించని బులెటిన్, ఇవన్నీ ఈ పరీక్షలో తప్పుతాయి.

తీపి అబద్ధమైతే ఎవరికి నష్టమని మీ అధికారులు అనవచ్చు. పూంఛ్‌లో అడగమనండి. మే 7న పాక్ ఫిరంగి కాల్పుల్లో అక్కడ ఒక మదర్సా ఉపాధ్యాయుడు చనిపోయాడు. మన పౌరుడు, శత్రువు గుండుకు బలైనవాడు. మన ఛానళ్లు కొన్ని అతన్ని మనవాళ్లు మట్టుబెట్టిన ఉగ్రవాదిగా చూపించాయి. అతనికి ఉగ్రవాదంతో ఏ సంబంధమూ లేదని పూంఛ్ పోలీసులే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఛానళ్ల మీద కేసు పెట్టమని జూన్ చివర్లో అక్కడి కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అంటే ఆ కుటుంబానికి దక్కిన పాటి న్యాయం స్టేషన్ నుంచీ కోర్టు నుంచీ వచ్చింది, ప్రసారాలను చూసుకోవాల్సిన మంత్రిత్వ శాఖ నుంచి కాదు.

సైరన్ల విషయంలో మాత్రం ప్రభుత్వం త్వరగా మేల్కొంది. వార్తల మధ్య వైమానిక దాడి సైరన్ మోగించడం ఆపమని మే 10న హోంశాఖ సివిల్ డిఫెన్స్ విభాగం ఛానళ్లకు చెప్పింది. అలవాటు పడితే నిజం సైరన్ మోగినా జనం కదలరని వాళ్ల భయం. మే 7న విశాఖలో మాక్ డ్రిల్ సైరన్ విన్నవాళ్లకు ఆ భయం ఎంత నిజమో తెలుసు. అబద్ధపు సైరన్‌కు వర్తించిన సూత్రం అబద్ధపు విజయానికి వర్తించదా?

రైల్వే కూడా మీదే కదా. స్టేషన్లో బండి ఆలస్యమైతే కారణం చెప్పరు, అయినా ఎంత ఆలస్యమో తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో మైకులో చెబుతారు. జనం తిట్టుకుంటారు, కానీ నమ్ముతారు. (మా రైల్వే జోన్ సంగతి మరో లేఖలో రాస్తాను.) యుద్ధ సమయంలో మాకు కావలసింది అంతమాత్రమే. రోజుకు రెండుసార్లు, చెప్పిన వేళకు, తెలుగుతో సహా అన్ని భాషల్లో, పేరున్న అధికారి నోట ‘ఇది జరిగింది, ఇది జరగలేదు, దీని గురించి ఇప్పుడు చెప్పం’ అన్న మూడు మాటలు. ‘చెప్పం’ అన్నా ఫర్వాలేదు. ‘జరగలేదు’ అనే వరుసలో మాత్రం మనకు తియ్యగా ఉన్నవీ ఉండాలి.

ఒక లెక్క కూడా అడుగుతున్నాను. ఏప్రిల్ 26 నాటి మీ అడ్వైజరీ కేబుల్ టీవీ నిబంధన 6(1)(పి)ని ఉదహరించింది, ఉల్లంఘిస్తే చర్య తప్పదంది. మే 8 రాత్రి ప్రసారాలకు దాని కింద ఏ ఛానల్‌కు నోటీసు వెళ్లింది, ఏం జవాబొచ్చింది, ఏ చర్య తీసుకున్నారు? ఆ జాబితాను పార్లమెంటు ముందు పెట్టండి. ఎవరికీ ఏ నోటీసూ వెళ్లకపోతే, ఆ మాటే పెట్టండి.

భవదీయుడు,
విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ సబ్ ఎడిటర్