టిఫిన్, ఫాస్ట్‌ఫుడ్ బండ్ల సంఘం వార్షిక నివేదిక 2024-25

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది మనల్ని బాగా టెన్షన్ పెట్టింది మయోనైజ్, అంటే గుడ్డు, నూనె గిలక్కొట్టి చేసే తెల్లటి సాస్. హైదరాబాద్‌లో మోమోలు తిన్న చాలామంది జబ్బుపడ్డారు, ఒకామె చనిపోయింది. ఆ వెంటనే 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఉడకని గుడ్డులో జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, బయట ఎండలో పెడితే అది గంటల్లో పెరిగిపోతుంది. మనలో అది వాడేది షవర్మా, మోమో బండ్లవాళ్లే. అయినా ఆ రోజుల్లో ఇడ్లీ బండి దగ్గర కూడా గిరాకీ పడిపోయింది. ‘రూల్స్ పెద్ద హోటళ్లకు, మనకెందుకు’ అని మీటింగుల్లో వాదించిన సభ్యులు ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందుకే రిజిస్ట్రేషన్ శిబిరం పెట్టాం. 2024-25లో ఉన్న రూల్ ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి లైసెన్స్ అక్కర్లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చాలు. అప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. దానికే ఏజెంట్లు వెయ్యికి పైగా గుంజారు. అప్లికేషన్లు నింపిన కాలేజీ పిల్లలకు, ఉచితంగా హాలు ఇచ్చిన ఫంక్షన్ హాల్ యజమానికి, ఆ రోజంతా టీ పోసిన మన అక్కలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

శిబిరంలో గర్వంగా చెప్పుకోవాల్సింది నూనె పరీక్ష. ఫుడ్ టెక్నాలజీ విద్యార్థులు మీటర్ తెచ్చి, మిర్చి బజ్జీ బండ్ల నూనెలో ముంచి చూపించారు. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె చెడినప్పుడు పుట్టే పదార్థాలు, పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి రూల్ ఉంది. కొందరి నూనె ఆ గీత దాటింది. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ నూనెను డ్రైనేజీలో పోయకుండా, బయోడీజిల్‌కు సేకరించేవాళ్లకు అమ్ముకోవచ్చని కూడా అక్కడే తెలుసుకున్నాం. న్యూస్‌పేపర్లో బజ్జీలు కట్టడం ఆపాలని తీర్మానించాం. ఆ సిరా మంచిది కాదు. విస్తరాకులు హోల్‌సేల్‌గా తెప్పిస్తున్నాం.

తనిఖీ అంటే మామూళ్ల బెడద అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆహార భద్రత చట్టంలో మనకు రక్షణ కూడా ఉంది. అధికారి శాంపిల్ తీసుకుంటే దాని ధర మనకు చెల్లించాలి. దాన్ని నాలుగు భాగాలు చేయాలి. మనం అడిగితే ఒక భాగాన్ని గుర్తింపు ఉన్న మరో ల్యాబ్‌కు పంపాలి. ల్యాబ్ రిపోర్టు తప్పనిపిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. శాంపిల్ ఇచ్చినప్పుడు కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

శిబిరానికి రమ్మని అధికారులకు రెండు ఉత్తరాలు రాశాం. జవాబు కూడా రాలేదు. ఫొటోలు దిగే రోజున మాత్రం కమిటీలో అందరూ ఉన్నారు, కుర్చీలు వేసే పొద్దున ముగ్గురం మిగిలాం. పేర్లు చెప్పను, వాళ్లకే తెలుసు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి దగ్గర ఉంది, ఆడిట్ అయింది, చూసుకోవచ్చు. చందా బాకీలు ఎక్కువే ఉన్నాయి.

వచ్చే ఏడాది చేతులు కడుక్కోవడానికి మూడు చోట్ల కుళాయిలు అడుగుతున్నాం. అర్జీ మీద ఇంకా సంతకాలు కావాలి, భోజనానికి లేచే ముందు పెట్టి వెళ్లండి.

కార్యదర్శి