గబ్బిలం క్యాబినెట్‌కు గాలి దారి చూపిన సహృదయులకు కృతజ్ఞతలు

నా కంప్యూటర్‌కు బ్యాట్‌మ్యాన్ రూపంలో సొంతంగా క్యాబినెట్ తయారు చేసుకోవాలన్న కోరిక నెరవేరడానికి కారకులై, తమ పేరు ఎక్కడా రాయవద్దని కోరిన సహృదయులకు బహిరంగంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

1939లో తొలిసారి కామిక్ పుటల్లో కనిపించిన ఆ వీరుడి గబ్బిలం గుర్తును ముందు పలకపై అతికిస్తే చాలని అందరూ అన్నప్పుడు, ఆ గుర్తునే గాలి లోపలికి వచ్చే మార్గంగా మలచవచ్చని సూచించినది మీరే. రెక్కల ఆకారంలో పలకను కోసి, వెనుక సన్నని జాలీ బిగించి, ముందున్న 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు చల్లగాలిని లోపలికి లాగేలా, వెనుకా పైనా ఉన్నవి వేడిగాలిని బయటకు నెట్టేలా అమర్చాలని మీరు గీసి చూపిన చిత్రం వల్లనే ఈ పెట్టెకు అందంతో పాటు పనితనమూ అబ్బింది. అలంకారం కోసం చల్లదనాన్ని వదులుకోకూడదన్న మీ పట్టుదల నాకు ఎంతో నచ్చింది.

అక్రిలిక్ పలకపై మాస్కింగ్ టేపు అంటించి, కింద చెక్కముక్క ఆనించి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పిన మీ చేతి ఓర్పు నా కళ్లముందే ఉంది. అంచున ఒక్క బీట కూడా పడలేదు. మూడు పిన్నుల 5 వోల్టుల లైట్ల పట్టీకి 12 వోల్టుల కరెంటు తగిలితే కాలిపోతుందని, ముందుగానే వైర్లకు వేర్వేరు చీటీలు కట్టారు. మీ శ్రమకు ప్రతిఫలం సంగతి ఎత్తితే మాట మార్చేశారు.

ఈ క్యాబినెట్‌ను ఎవరు మెచ్చుకున్నా, ఆ మెప్పులో సగానికి పైగా మీదేనని వారికి చెబుతున్నాను. మీకు హృదయపూర్వక ధన్యవాదాలు.