మోషన్స్ అనగానే యాంటీబయాటిక్ మింగొద్దని కూడా రాయండి

సంపాదకుడు గారికి,

వానలు పడటం మొదలైతే చాలు, మీ జిల్లా పేజీల్లో డయేరియా వార్తలు వస్తుంటాయి. పైపు పగిలి తాగునీట్లో మురుగు కలిసిందనీ, ఇంతమంది ఆసుపత్రిలో చేరారనీ రాస్తారు. రాయాల్సిందే, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో ప్రాణాలే పోయాయి కదా. కానీ ఇంట్లో ఎవరికైనా మోషన్స్ పట్టుకోగానే మనవాళ్లు చేసే మొదటి పని గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనపడదు. మెడికల్ షాపుకెళ్లి "మోషన్స్‌కి ఏదైనా ఇవ్వండి" అంటారు, షాపతను డాక్టర్ చీటీ అడక్కుండానే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ అనే యాంటీబయాటిక్స్ కలిపిన మాత్రలు కత్తిరించి ఇస్తాడు, రెండు వేసుకుని తగ్గగానే మిగతావి దాచిపెడతారు, ఈసారి పిల్లాడికి వస్తే అందులోదే సగం విరిచి వేస్తారు. డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పేవాణ్ణి, ఇది చూస్తుంటే నాకు నిజంగా భయమేస్తోంది.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఒక అంచనా వేశారు. చాలావరకు పెద్దపేగులోనే ఉంటాయి. ఇవి మనకు కాపలా కూడా. సీట్లన్నీ నిండిన బస్సులో కొత్తగా ఎక్కినవాడికి చోటు దొరకనట్టే, బయటి నుంచి వచ్చిన క్రిమికి ఇక్కడ తిండీ దొరకదు, నిలవడానికి చోటూ దొరకదు. ఈ కాపలా ఎంత గట్టిదో షికాగో విశ్వవిద్యాలయంలో మార్జొరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ ఎలుకల మీద చేసి చూపించారు. మామూలు ఎలుకల్లో సగానికి సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి అంటాలంటే దాదాపు లక్ష క్రిములు కావాల్సి వచ్చింది. ముందుగా ఒక్క డోసు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకలకైతే పది కూడా అక్కర్లేదు! 1962లో అచ్చయిన పని ఇది, అరవై ఏళ్లు దాటినా మన మెడికల్ షాపుల దాకా రాలేదు.

ఇంకో సంగతి, జబ్బు చేసే క్రిమి కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. సాల్మొనెల్లా పేగు గోడను కావాలనే రెచ్చగొట్టి వాపు తెప్పిస్తుంది. ఆ వాపులో మన రక్షణ కణాలు వదిలే ఆక్సిజన్ రసాయనాలు పేగులో ఉన్న గంధకపు పదార్థాన్ని టెట్రాథయొనేట్‌గా మార్చేస్తాయి. అక్కడ కాపురముండే వాటిలో ఎక్కువ భాగానికి అది దేనికీ పనికిరాదు, సాల్మొనెల్లా మాత్రం దానితో ఊపిరి తీసుకున్నట్టే శక్తి తయారుచేసుకుని వాటిని మించి పెరిగిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ఆండ్రియాస్ బాయ్మ్లర్ బృందం 2010లో ఈ గుట్టు బయటపెట్టింది. అంటే ఇన్ఫెక్షన్ వచ్చేసరికే మన కాపలా సగం దెబ్బతిని ఉంటుంది, సరిగ్గా ఆ సమయంలో మనం మాత్ర మింగి మిగిలిన సగాన్నీ కొడుతున్నాం. ఆర్నిడజోల్ పనిచేసేదే ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవుల మీద, పెద్దపేగులో ఉండే వాటిలో అత్యధికం ఆ జాతే. అమీబా జిగట విరేచనాలకు అది మంచి మందే, కాదనను. పసిపిల్లల విరేచనాల్లో చాలావరకు వైరస్‌ల వల్ల వస్తాయి కదా, వైరస్ మీద ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుంది?

పోయిన మంచి బ్యాక్టీరియా మళ్లీ రావా అంటే, వస్తాయి, కానీ టైమ్ పడుతుంది. ఢాకాలో కలరా వచ్చి కోలుకుంటున్న పెద్దవాళ్లను గమనించి 2014లో రాసిన పరిశోధనలో ఒక విషయం నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. వాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా తిరిగొచ్చిన వరస, అక్కడి ఆరోగ్యవంతులైన పసిపిల్లల పేగుల్లో మొదటిసారి చేరే వరసతో చాలా దగ్గరగా ఉందట. వాటిలో ఒకటి, రూమినోకాకస్ ఒబియం, కలరా క్రిమిని అణచగలదని ఎలుకల్లో తేలింది కూడా. పెరుగన్నం తింటే సరిపోతుంది కదా అని నా స్టూడెంట్స్ అడుగుతుంటారు. పెరుగు మంచి ఆహారమే, హాయిగా తినండి, కానీ అందులోని బ్యాక్టీరియా చాలావరకు పేగులో స్థిరపడవు, పోయిన వాటి పని ఇవి చేయవు.

యాంటీబయాటిక్స్ వద్దే వద్దని నేననడం లేదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. అందులో చిన్నపేగులో ఉండకూడనన్ని బ్యాక్టీరియా పెరిగి, తిన్నది ఒంటికి పట్టదు. ఇప్పుడు దానికి ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఆ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిందీ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో బయటికి తెచ్చిందీ ఆయన పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థే. తీవ్రమైన కలరాకూ టైఫాయిడ్‌కూ రక్త విరేచనాలకూ యాంటీబయాటిక్స్ కావాలి. అయితే అది తేల్చాల్సింది డాక్టరు, షాపులో కుర్రాడు కాదు.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒకటే. డయేరియా వార్త వేసిన ప్రతిసారీ పక్కన చిన్న బాక్సు కట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి (మామూలుగా పెద్ద ప్యాకెట్‌కు లీటరు) కొద్దికొద్దిగా తాగించాలనీ, తల్లిపాలు ఆపొద్దనీ, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలనీ, మోషన్స్ తగ్గినా మధ్యలో ఆపొద్దనీ రాయండి. విరేచనంలో రక్తం కనిపించినా, మూత్రం ఆగినా, కళ్లు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని పెద్దక్షరాల్లో వేయండి. దాచిపెట్టిన పాత మాత్రలు పిల్లలకు వేయొద్దన్న మాట కూడా అందులో ఉండాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక మైక్రోబయాలజీ లెక్చరర్